తెల్లని చుక్కలు

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే సాయంకాలపు పాసింజరు బండిలో ఆ ఉపాధ్యాయుడికి కిటికీ ప్రక్కనే చోటు దొరికింది. అది 2022వ సంవత్సరం, శ్రావణమాసం. వేజెండ్ల దాటిన తర్వాత రెండువైపులా పొలాల్లో నాట్లు సాగుతున్నాయి. ఆయన వాటిని చూడటం లేదు. ఒళ్లో పెట్టుకున్న కవరులోనుంచి ఒక కాగితాన్ని నాలుగోసారి బయటికి తీశాడు.

ఆయనకు ముప్పైరెండేళ్లు. ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాడు. వివాహమై నాలుగేళ్లయినా సంతానం కలగలేదు. ఇటువంటి సందర్భాలలో మన ఇళ్లల్లో సాధారణంగా జరిగేదే ఆ ఇంట కూడా జరిగింది. మొదటి మూడేళ్లూ పరీక్షలన్నీ భార్యకే చేయించారు. రక్తపరీక్షలు, స్కానింగులు, మందులు, మొక్కులు అన్నీ పూర్తయి, ఆమెలో ఏ లోపమూ లేదని డాక్టర్లు తేల్చిన తర్వాతగాని ఆయన వంతు రాలేదు. వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉన్నదన్నారు. వృషణాలకు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు.

కొత్తపేటలోని ఒక స్కానింగ్ కేంద్రంలో ఆ పరీక్ష పది నిమిషాల్లో ముగిసింది. చీకటిగదిలో తెర మీద బూడిదరంగు బొమ్మ కదిలింది. ఆ బూడిదరంగు నిండా సన్నని తెల్లని చుక్కలు కనిపించాయి. పరీక్ష చేసిన డాక్టరు ఏమీ మాట్లాడలేదు. గంట తర్వాత చేతికిచ్చిన కాగితం మీద చివరి పంక్తి ఇంగ్లీషులో ఇలా ఉన్నది: టెస్టిక్యులర్ మైక్రోలిథియాసిస్, రెండువైపులా. దాని క్రింద, రోగి లక్షణాలతో సరిపోల్చి చూడవలసినది అని మరొక వాక్యం. ఎవరు సరిపోల్చాలి? దేనితో? ఆ వాక్యం ఒక డాక్టరు మరొక డాక్టరుకు వ్రాసుకున్నది. కానీ మొదట చదివినవాడు రోగి.

గ్రీకు భాషలో లిథోస్ అంటే రాయి. మైక్రో అంటే సూక్ష్మమైనది. ఆ మాత్రం అర్థం ఊహించుకోగలిగాడు. మిగిలిన అర్థం కోసం ఫోను తెరిచాడు. రెండు పేరాలు చదివేసరికి కాన్సర్ అన్న మాట కంటబడింది. సంగం జాగర్లమూడి స్టేషనులో బండి ఆగింది. ఆయన ఫోను మూసివేసి, కాగితం మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లాక భార్య అడిగితే, "రిపోర్టు ఇంకా రాలేదు" అన్నాడు.

*

ఆ అబద్ధం ఆరువారాలు నిలిచింది.

మన భాషలో ఆ అవయవానికి పెద్దమనుషుల మధ్య పలకదగిన పేరు లేదు. వైద్యగ్రంథాల్లో వృషణమనీ బీజకోశమనీ ఉన్నది. ఆ మాటలు ఇంట్లో ఎవరూ వాడరు. వాడుకలో ఉన్న మాటలేమో తిట్లలోకి చేరిపోయాయి. తలనొప్పి వస్తే తలనొప్పి అని చెప్పవచ్చు, కడుపునొప్పి వస్తే కడుపునొప్పి అని చెప్పవచ్చు. దీనిని మాత్రం తల్లితోగాని, అన్నదమ్ములతోగాని, తోటి ఉపాధ్యాయులతోగాని ఏ మాటతో మొదలుపెట్టాలో ఆయనకు తోచలేదు. కాన్సర్ అన్న మాటను నోట పలకడం మరీ కష్టం. పల్లెల్లో పెద్దలు దానిని రాచపుండు అని, అదికూడా గొంతు తగ్గించి అనేవారు. ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో రావలసివచ్చినప్పుడు మనిషికి మౌనమే సుఖమనిపిస్తుంది.

మాట దొరకనివాడు వైద్యం మాత్రం మొదలుపెట్టాడు. రాయి అన్నారు గనుక దానిని మూత్రపిండాల్లోని రాయివంటిదేనని భావించాడు. ఆ రాళ్లకు మనవైపు అందరికీ తెలిసిన చికిత్సలున్నాయి. వారానికి మూడుసార్లు అరటిదూట కూర వండమన్నాడు. ఉలవచారు కావాలన్నాడు. బజారుకు తానే వెళ్లి కొండపిండి ఆకు వెదకి తెచ్చాడు. తెల్లని చుక్కలు కాల్షియమే అయితే సున్నం కూడా కాల్షియమే కదా అని, భోజనమైన తర్వాత వేసుకునే తాంబూలంలో సున్నం మానివేశాడు. సున్నం లేని తాంబూలం పండదు, రుచించదు. అయినా నమిలాడు.

రాత్రిళ్లు అందరూ నిద్రపోయిన తర్వాత ఫోనులో చదివేవాడు. ఒకచోట ఇది ప్రమాదమే కాదని ఉండేది. మరొకచోట వెంటనే ముక్క తీసి పరీక్షించాలని ఉండేది. తరగతిలో భిన్నాలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. జీవితబీమా పాలసీ కాగితాలు బయటికి తీసి, నామినీ పేరు సరిగా ఉన్నదో లేదో చూసి మళ్లీ లోపల పెట్టాడు.

ఆయన భార్య గమనించింది. మూడేళ్లు పరీక్షల చుట్టూ తిరిగిన స్త్రీకి, దాచిన రిపోర్టు ఎక్కడ ఉంటుందో తెలియనిది కాదు. ఒకనాటి రాత్రి ఆ కాగితాన్ని ఆయన ముందు పెట్టి ఇలా అన్నది:

"ఏమండీ, నా పరీక్షల కాగితాలన్నీ మీరు చదివారు. డాక్టరుగారి ముందు నా ప్రక్కన మీరు కూర్చున్నారు. మీ కాగితం నేను చదవకూడదా?"

ఆయన సమాధానం చెప్పలేకపోయాడు. ఆమె కూడా నిలదీయలేదు. మర్నాడు పాఠశాలకు సెలవు పెట్టించి, ఆయనను యూరాలజిస్టు వద్దకు తీసుకువెళ్లింది.

*

ఆ డాక్టరు వయసు మళ్లినవాడు. కాగితం చూసి, స్కానింగు బొమ్మలు వెలుతురుకు ఎత్తి పరిశీలించి, పరీక్షబల్ల మీద పడుకోబెట్టి చేతితో తడిమి చూశాడు. గడ్డ ఏదీ లేదన్నాడు. తర్వాత ఆయన కుడివైపు గజ్జలో ఉన్న పాత కుట్ల మచ్చమీద వేలుపెట్టి అడిగాడు.

"మాస్టారూ, ఇది దేనికి చేసిన ఆపరేషను?"

"వరిబీజమట. చిన్నప్పుడు చేశారు."

"చిన్నప్పుడంటే ఎన్నేళ్లప్పుడు? వరిబీజమేనని నమ్మకంగా తెలుసా? రెండో వృషణం క్రిందికి దిగకపోతే కూడా అక్కడే కోస్తారు."

ఆయనకు తెలియదు. అంతవరకూ అటువంటి సందేహం కూడా రాలేదు.

"ఇంట్లో పెద్దవాళ్లనడిగి తెలుసుకుని రండి. ఈ చుక్కల సంగతి ఆ జవాబును బట్టి ఉంటుంది" అన్నాడు డాక్టరు. వెళ్లేముందు రక్తపరీక్షలు వ్రాసి ఇచ్చాడు.

ఆ జవాబు చెప్పగలిగినది తల్లి ఒక్కతే. తండ్రి చనిపోయి ఏడేళ్లయింది.

ఆ సాయంత్రం ఆవిడ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. ఆయన వెళ్లి ప్రక్కన కూర్చుని, చేతికొక కాయ తీసుకున్నాడు. నాలుగైదు కాయలు ఒలిచిన తర్వాతగాని నోరు పెగలలేదు.

"అమ్మా, చిన్నప్పుడు నాకు చేసింది వరిబీజం ఆపరేషనేనా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి తలెత్తకుండానే చెప్పింది.

"కాదు నాయనా. ఒకవైపు క్రిందికి దిగలేదు. నీళ్లుపోసేటప్పుడు నాకు ఎప్పటినుంచో అనుమానంగానే ఉండేది. మంత్రసాని అదే దిగుతుందన్నది. మీ నాన్న పెద్దయితే సర్దుకుంటుందన్నాడు. నీకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు నేనే పట్టుబట్టి డాక్టరుకు చూపించాను. నా చెవుల దుద్దులు తాకట్టు పెట్టి ఆపరేషను చేయించాం. పిల్లవాడికి పెళ్లికాదని భయపడి ఊళ్లో అందరికీ వరిబీజమని చెప్పాం. నీకూ అదే చెప్పాం." ఒక్క క్షణం ఆగి అడిగింది. "ఆలస్యం చేశానా? అందువల్లనేనా మీకు పిల్లలు కలగడం లేదు?"

ఇరవైమూడేళ్లుగా ఆ ప్రశ్న ఆవిడ గుండెల్లో ఉన్నదని ఆయనకు అప్పుడు తెలిసింది. తన జేబులోని కాగితానికి ఆరువారాల వయసే.

*

రక్తపరీక్షల ఫలితాలతో దంపతులిద్దరూ మళ్లీ డాక్టరు వద్దకు వెళ్లారు. వృషణంలో కణుతి ఉన్నప్పుడు తరచు రక్తంలో పెరిగే పదార్థాలు కొన్ని ఉన్నాయి. ఆల్ఫా ఫీటోప్రోటీన్, బీటా హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మూడూ మామూలుగానే ఉన్నాయి. డాక్టరు అప్పుడు తీరికగా మాట్లాడాడు.

వృషణంలో వీర్యకణాలు తయారయ్యే సన్నని నాళికలు వందలకొద్దీ ఉంటాయి. వాటి గోడలనుంచి రాలిపోయిన కణాలను శరీరం ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తుంది. ఆ పని సరిగా జరగనిచోట రాలిన పదార్థం ముద్దకట్టి, దాని చుట్టూ కాల్షియం పొరలుపొరలుగా పేరుకుంటుంది. అదే ఆ తెల్లని చుక్క. ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్లకు మించదు. ఒకే దృశ్యంలో అయిదు లేక అంతకన్నా ఎక్కువ కనిపిస్తే దానికి ఆ పెద్ద పేరు పెడతారు. తినే తిండిలోని సున్నంతో దానికి సంబంధం లేదు. అరటిదూటకు, ఉలవచారుకు అది కరగదు. కరిగించవలసిన అవసరమూ లేదు.

1970లో ఒక నాలుగేళ్ల బాలుడి వృషణాల్లో ఇటువంటి కాల్షియం ఉన్నట్లు వైద్యపత్రికలో ప్రకటించారు. అల్ట్రాసౌండులో ఇవి ఎలా కనిపిస్తాయో 1987లో వర్ణించారు. ఆ తర్వాత యంత్రాలు మెరుగుపడినకొద్దీ చుక్కలు ఎక్కువమందిలో కనిపించసాగాయి. మొదట్లో స్కానింగుకు వచ్చినవారు నొప్పితోనో వాపుతోనో గడ్డతోనో వచ్చినవారు. వారిలో కొందరికి కాన్సరు కూడా ఉండటం సహజం. ఆ లెక్కలు చూసి చుక్కలంటేనే కాన్సరుకు ముందడుగని చాలామంది వైద్యులు సైతం భయపడ్డారు. ఏటేటా స్కానింగులు, రక్తపరీక్షలు అందరికీ వ్రాసిన కాలం ఒకటి గడిచింది.

"మీరు లెక్కల మాస్టారు గనుక లెక్కే చెబుతాను" అన్నాడు డాక్టరు. "ఏ బాధా లేని ఆరోగ్యవంతులలో ఈ చుక్కలు ఎంతమందికి ఉంటాయో చూద్దామని అమెరికా సైన్యపు వైద్యులు పూనుకున్నారు. శిక్షణకు వచ్చిన పద్ధెనిమిది మొదలు ముప్పైఅయిదేళ్ల యువకులు 1,504 మందికి స్కానింగు చేశారు. 84 మందికి చుక్కలున్నాయి. అంటే నూటికి 5.6. ఆ ఫలితం 2001లో వెలువడింది. అయిదేళ్ల తర్వాత మళ్లీ వారి సంగతి విచారించారు. 63 మంది దొరికారు. వారిలో కాన్సరు వచ్చినది ఒక్కరికి."

ఉపాధ్యాయుడు కొంచెంసేపు ఆలోచించి, "వాళ్లకు నావంటి మచ్చ లేదు కదండీ" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. "అసలు ప్రశ్న అదే."

చుక్కలు కాన్సరుగా మారవు. అవి కణాలు కావు, కాల్షియం రేణువులు. అయితే చుక్కలూ, కాన్సరూ, వీర్యకణాల కొరతా, క్రిందికి దిగని వృషణమూ ఒక్కొక్కసారి ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయి. డెన్మార్కులో నీల్స్ స్కాకెబెక్ అనే వైద్యుడు సంతానం లేక పరీక్షకు వచ్చిన పురుషుల వృషణాల్లో కాన్సరుకు పూర్వరూపమైన కణాలను గుర్తించి, 1972లో ప్రకటించాడు. ఈ లోపాలన్నింటికీ మూలం గర్భస్థ దశలోనే వృషణం సరిగా రూపొందకపోవడంలో ఉండవచ్చునని 2001లో ఆయనా, ఆయన సహచరులూ ప్రతిపాదించారు. ఒక పొలంలో నేల చెడితే పైరు పలచబడుతుంది, కలుపు పెరుగుతుంది, ఉప్పు పొరలు తేలుతాయి. ఉప్పు కలుపుగా మారదు. కాని తెల్లగా ఉప్పు తేలిన చోట రైతు కాస్త జాగ్రత్తగా చూస్తాడు.

అందుచేతనే యూరప్ ఖండంలోని రేడియాలజిస్టుల సంఘం 2015లో ఒక నియమం చెప్పింది. చుక్కలు తప్ప వేరే కారణమేదీ లేనివారికి ఏటేటా స్కానింగు అక్కరలేదు. వృషణం దిగకపోవడం, దానికి ఆపరేషను జరగడం, వృషణం కుంచించుకుపోయి ఉండటం, తండ్రికో సోదరుడికో ఈ కాన్సరు రావడం, తనకే ఒకవైపు వచ్చి ఉండటం వంటి కారణం ఏదైనా తోడైతే మాత్రం యాభైఅయిదేళ్లు వచ్చేవరకు ఏడాదికొకసారి స్కానింగు చేయించుకోవాలి.

"కనుక మీరు ఏడాదికొకసారి రావాలి. అంతే. ముక్క తీయడమూ వద్దు, కత్తీ వద్దు" అన్నాడు డాక్టరు.

లేచి వెళ్లబోతూ ఉపాధ్యాయుడు మళ్లీ కూర్చున్నాడు. "మా అమ్మగారు ఒక మాట అడగమన్నారు. తొమ్మిదేళ్లకు ఆపరేషను చేయించడం ఆలస్యమేనా?"

తల్లి అడగమనలేదు. అయినా ఆ ప్రశ్న ఆవిడదే.

"ఇప్పటి పద్ధతి ప్రకారం ఏడాది, ఏడాదిన్నర లోపలే చేయాలి. ఆ రోజుల్లో చాలామందికి అది తెలియదు. అయితే మరొక లెక్క వినండి. స్వీడనులో ఈ ఆపరేషను జరిగిన దాదాపు పదిహేడువేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2007లో ఫలితం ప్రకటించారు. పదమూడేళ్ల లోపల చేయించుకున్నవారికి ఈ కాన్సరు వచ్చే అవకాశం మామూలు జనంకన్నా రెండింతలకు కొంచెం ఎక్కువ. పదమూడు దాటిన తర్వాత చేయించుకున్నవారికి అయిదింతలకు పైన. మన దేశంలో అసలు ఈ కాన్సరే లక్షమంది పురుషులలో ఏడాదికి ఒకరికన్నా తక్కువమందికి వస్తుంది. ఆ చిన్న సంఖ్యకు రెండింతలు ఎంతో మీరే వేసుకోండి. మీ అమ్మగారు మీకు చెడు చేయలేదు. ఆవిడ దుద్దులు తాకట్టు పెట్టకుండా పెద్దయితే సర్దుకుంటుందని ఊరుకుని ఉంటే, ఇవాళ ఈ కుర్చీలో కూర్చున్నవాడి లెక్క వేరుగా ఉండేది."

*

ఒకవేళ వచ్చినా? ఆ ప్రశ్న అడిగినది భార్య. దానికి సమాధానం వైద్యచరిత్రలోనే ఒక అపురూపమైన అధ్యాయం.

1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు విద్యుత్తు ప్రవహించేచోట సూక్ష్మజీవులు ఎలా పెరుగుతాయో పరిశీలిస్తున్నాడు. బాక్టీరియా విభజన చెందడం మానివేసి, దారాలవలె పొడుగ్గా సాగిపోయాయి. కారణం విద్యుత్తు కాదు. ఎలక్ట్రోడులలోని ప్లాటినం ద్రవంలో కరిగి తయారైన సమ్మేళనం. కణవిభజనను ఆపగలిగేది కాన్సరునూ ఆపవచ్చునన్న ఊహనుంచి సిస్‌ప్లాటిన్ అనే మందు పుట్టింది. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయపు డాక్టరు లారెన్స్ ఐన్‌హార్న్, వృషణ కాన్సరు శరీరమంతటా వ్యాపించి ఇక ఆశలేదనుకున్న జాన్ క్లీలండ్ అనే ఇరవైమూడేళ్ల యువకుడికి ఆ మందును మరి రెండు మందులతో కలిపి ఇచ్చాడు. కణుతులు కరిగిపోయాయి. ఆ యువకుడు బ్రతికి, తర్వాత జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడయ్యాడు. అంతకుముందు వ్యాపించిన దశలో దాదాపు ప్రాణాంతకమైన ఆ వ్యాధి నేడు నూటికి తొంభైకి పైగా నయమవుతున్నది. త్వరగా కనిపెడితే ఆపరేషనొక్కటే సరిపోయే సందర్భాలెన్నో.

ఆ ఐన్‌హార్న్ వద్దకే 2012లో మన యువరాజ్ సింగ్ చికిత్సకు వెళ్లాడు. ఆయనకు వచ్చినది ఆ జాతికి చెందిన కణుతే. అయితే అది వృషణంలోకాక ఊపిరితిత్తుల మధ్యభాగంలో పుట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆయన తిరిగి భారతజట్టులోకి వచ్చాడు. మొదటి ఆట విశాఖపట్నంలో జరగవలసినది. ఒక్క బంతైనా పడకుండా వర్షం దానిని తుడిచివేసింది. మూడురోజుల తర్వాత చెన్నైలో ఆయన బ్యాటు పట్టుకుని మైదానంలో అడుగుపెట్టాడు. అప్పుడు డిగ్రీ చదువుతున్న ఉపాధ్యాయుడికి ఆ రాత్రి బాగా గుర్తున్నది. ఆ ఆట చూస్తూ హాస్టలు పిల్లలంతా కేకలు వేశారు. ఆ జబ్బు పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

*

డాక్టరు చెప్పిన మరొక పని ఇంట్లో చేసుకోవలసినది. నెలకొకసారి, వేడినీళ్ల స్నానమైన తర్వాత, రెండు చేతులతో ఒక్కొక్క వృషణాన్నీ నెమ్మదిగా తడిమి చూసుకోవాలి. వెనుకవైపు మెత్తని తాడువంటిది తగులుతుంది. అది సహజమైనదే. నొప్పిలేని గట్టి గడ్డగాని, కొత్తగా బరువుగాని, వాపుగాని ఉంటే సిగ్గుపడక వెంటనే డాక్టరుకు చూపాలి. ఈ కాన్సరు ఎక్కువగా వచ్చేది పదిహేను మొదలు నలభై ఏళ్ల వయసులోని వారికి. నొప్పి లేకపోవడమే దాని మోసం.

ఆ ఇంట్లో నెలలో మొదటి ఆదివారం తలంటు. ఆయన దానినే గుర్తుగా పెట్టుకున్నాడు.

ఆ రోజు గుంటూరునుంచి వచ్చాక తల్లివద్ద కూర్చుని, స్వీడను లెక్క మొత్తం చెప్పాడు. రెండింతలు, అయిదింతలు ఆవిడకు పట్టలేదు. "అయితే తొమ్మిదో ఏడు మంచిదేనంటావు?" అని అడిగింది. మంచిదేనన్నాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

2023 ఆగస్టులో మళ్లీ స్కానింగు జరిగింది. చుక్కలు ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. కొత్తగా ఏమీ లేదు. సంతానం కోసం చికిత్స వేరుగా సాగుతున్నది. ఇప్పుడు ఆస్పత్రిలో కుర్చీలు ప్రక్కప్రక్కనే ఉంటాయి, కాగితాలు ఒకే సంచిలో ఉంటాయి.

ఆ రాత్రి భోజనమైన తర్వాత భార్య తాంబూలపు పళ్లెం తెచ్చింది. ఆయన ఆకు తీసుకుని, ఈనె తుంచి, తుడిచి, చిటికెడు సున్నం రాసుకున్నాడు.